మూడో రోజు

డెబ్బై ఐదేండ్లు నిండుతున్నయి మా ఆడపిల్లల బడికి.
ఒక్క పేజీల చరిత్ర రాసియ్యిమన్నరు ఆఫీసోళ్లు.
ర్యాంకులు, కప్పులు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని.
ఫోటో పెట్టి అచ్చేస్తరట.

బీరువ తెరిస్తే ముందుగాల తుమ్ములొచ్చినయి.
అట్టడుగు రిజిస్టరు ఉర్దూల ఉన్నది.
మా ఖాజా సారు అద్దాలు తుడుసుకోని సదివిండు:
మొదటి నెంబరు చిలువేరు అండాలు,
తండ్రి చేసే పని, జంపఖానాలు నేసుడు,
బడి మానిన కారణం, ఇంట్ల పని.
రెండో నెంబరుకూ అదే.
మూడోదానికి మళ్ల రాసే ఓపిక లేక
రెండు చుక్కలు పెట్టిండు ఆనాటి గుమాస్తా.
ఆ కిందంత చుక్కలే,
చీమలబారు గోడ దిగినట్టు.

గంటేమో రైలుపట్టా ముక్క.
కాజీపేట యార్డుల పనిజేసే ఒక తండ్రి
భుజాన మోసుకొచ్చిండంటరు.
అడగకుంట తెచ్చిండని కూడ అంటరు.
ఆజంజాహి మిల్లు కూతకు సరిజూసి కొట్టేటోళ్లు.
మిల్లు మూతబడ్డంక
గంటకు తోడు లేకుంట పోయింది,
ఎప్పుడు రెండు నిమిషాలు ఆలస్యమే.

ఇవి రాయొచ్చు.
దసర సెలవులకు ముందటి రోజు
డెస్కుల మీద తంగేడు పోసుకోని బతుకమ్మ పేర్చుడు,
కొస మాత్రం లెక్కల టీచరే నిలబెట్టాలె,
వంకరైతే ఏడాదంత నవ్వొచ్చు.
ఆఖరి పరీక్ష రాసిన పిల్లలు
కిటికి చువ్వలకు జడరిబ్బన్లు కట్టి పోవుడు.
వానలకు తెల్లబడి
ఏది ఏ యేటిదో చువ్వలకే తెలువాలె.

మూడో రోజు సంగతి మాత్రం ఏ రిజిస్టర్ల లేదు.
షాహెదా బేగం పెద్దమేడం నోటితోని పెట్టిన రూలు.
ఒక పిల్ల మూడొద్దులు రాకపోతే
మూడో రోజు క్లాసే ఆ పిల్ల ఇంటికి పోవాలె.
బతిమాలొద్దు. కొట్లాడొద్దు.
వాకిట్ల కూసోని పాఠం చెప్పుకోవాలె, అంతే.

నాకెట్ల ఎరుకంటే
నేను ఎనిమిదిల ఉండంగ మా వాకిట్లకు వచ్చిండ్రు.
గుంటమగ్గం కాడ బాపుకు పోగులందిస్తున్న.
నలభై ముగ్గురు! మా మేక తాడు తెంపుకున్నది.
సాంబలక్ష్మి టీచరు బొగ్గుముక్కతోని
మా గోడకు లంబకోణ త్రిభుజం గీసింది.
బాపు నాడె ఆపలే.
సగం లెక్క కాడ, తల తిప్పకుంటనే,
"అమ్మా, గా గీత నిలువు లేదు, జర నా పోగు చూస్కోని గియ్యి" అన్నడు.
టీచరు కొంగుతోని తుడిచి మళ్ల గీసింది.
అమ్మ అందరికి మక్కగుడాలు పెట్టింది,
గిన్నెలు చాలక మోదుగాకులల్ల.
తెల్లారి బాపు పో అనలే, వద్దనలే.
నా సంచి తెచ్చి గడప మీద పెట్టి
మగ్గంల దిగిండు.
ఆ త్రిభుజం మీద మూడేండ్లు సున్నం పడలే.

ఇయ్యాల తొమ్మిదో తరగతి బి సెక్షన్ల
భూక్య రవళికకు మూడో రోజు.
ఎదురుంగ తెల్ల పేజీ, పైన తేది ఒక్కటే రాసి ఉన్నది.
పెన్నుకు మూత పెట్టిన.
ముప్పై ఒక్కమందిమి బైపాసు దాటినం.
లారీలోళ్లు ఊరేగింపనుకోని ఆపిండ్రు.

తలుపుకు తాళం.
"మొన్న రాత్రి డీసీఎం ఎక్కిండ్రు, ఇటుకబట్టీల కాడికి" అన్నది పక్కింటామె.
ఏ ఊరో ఆమెకూ తెల్వదు.

పిల్లలు నా మొఖం దిక్కు చూసిండ్రు.
తాళముంటే ఏం జెయ్యాల్నో
పెద్దమేడం చెప్పి పోలే.

ఎప్పుడు వెనుక బెంచిల కునికే పిల్ల ఒకతి
చున్నీతోని అరుగు దులిపి కూసోని
పుస్తకం తెరిచింది.
ఇగ అందరు కూసున్నరు.
ఒక పీరియడంత తాళానికి పాఠం చదివినం.
ఆఖరుకు లేచి వస్తాంటే
తలుపు మీద సుద్దముక్కతోని
రేపటి హోంవర్కు రాసి ఉన్నది.

ఎవరు రాసిండ్రని నేను అడగలే.
ఆఫీసుకు ఇంకా పేజీ పంపాలె.